తాళంచెవి చేతులు మారితేనే దుకాణం పెరుగుతుంది

(చిరువ్యాపారుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యాపారాభివృద్ధిని గూర్చి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు కోరినప్పుడు మేము తటపటాయించాము. మేము ఏనాడూ త్రాసు పట్టినవారము కాము. ముప్పయ్యేళ్లకు పైబడి ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా కాగితాల మధ్య గడిపి పదవీ విరమణ చేసినవారము. అయితే విరమణ తరువాత మా ఇంటి వసారాయే ఒక చిన్న కార్యాలయమైనది. రుణ దరఖాస్తులు నింపించుకొనడానికి, ఉద్యమ్ నమోదు కొరకు, అద్దె ఒప్పందాలు చదివించుకొనడానికి మన చిరువ్యాపారులు వస్తుంటారు. వారి పద్దులు చూచాము, వారి కష్టసుఖాలు విన్నాము. ఆ చూచినదీ విన్నదీ ఈనాడు మీ ముందుంచుతాము. మేము చెప్పదలచినది నిజానికి ఒక్కటే మాట: ఒక మనిషి చేతి పొడవున్నంత మేరకే పెరిగే వ్యాపారం, ఆ చేయి పడిపోయిన రోజున తానూ పడిపోతుంది.

ఒక దుకాణం మూతపడిన తీరు

మన ప్రాంతంలోనే ఇనుప సామానుల దుకాణం నడిపిన ఒక పెద్దాయన ఉన్నారు. వారి పేరు చెప్పము. మేకు మొదలు మోటారు పంపు వరకు ఆ దుకాణంలో దొరకని వస్తువు లేదు. ఉదయం షట్టరు ఎత్తేది ఆయనే, రాత్రి దించేది ఆయనే. గల్లాపెట్టె తాళంచెవి ఆయన జేబు దాటి ఎరుగదు. తాపీమేస్త్రీలకు, చిన్న కాంట్రాక్టర్లకు అరువు ఇచ్చేవారు. ఎవరు ఎంత బాకీ ఉన్నదీ సగం చిట్టాలో ఉండేది, సగం ఆయన జ్ఞాపకంలో ఉండేది. ఏ సరుకు ఏ ధరకు తెచ్చారో, టోకు వర్తకులకు ఇంకెంత చెల్లించవలసి ఉన్నదో ఆయనకు తప్ప మరొకరికి తెలియదు. ముప్పయ్యయిదేళ్లు ఈ విధంగానే నడిచింది. ఆయన జ్ఞాపకశక్తిని అందరూ మెచ్చుకొనేవారు. మేమూ మెచ్చుకున్నాము.

ఒక రాత్రి ఆయనకు పక్షవాతం వచ్చింది. అల్లాహ్ దయవలన ప్రాణం దక్కింది గాని మాట పడిపోయింది. మాటతో పాటు దుకాణపు లెక్కలన్నీ పోయినవి. ఇంచుమించు నాలుగు నెలలు షట్టరు లేవలేదు. రావలసిన బాకీదారులు రాలేదు, ఇవ్వవలసినవారు మాత్రం బిల్లులు పట్టుకొని వచ్చారు. నిజాయితీ గల మేస్త్రీలు కొందరు తామే ఇంటికి వచ్చి, ఇంత ఉన్నామని చెప్పి చెల్లించి వెళ్లారు. తక్కినవారిని అడగడానికి కుటుంబం చేతిలో కాగితం లేదు. ఆసుపత్రి ఖర్చుకు ఇంటి ఆడవారి నగలు తాకట్టుకు వెళ్లినవి.

ఆ నాలుగు నెలలలో మేము గమనించిన విషయం ఇంకొకటి ఉన్నది. ఆ దుకాణాన్ని నడపగల మనుషులు లేక అది మూతపడలేదు. పెద్దాయన కుమార్తె బి.కాం. చదివి ఇంట్లోనే ఉన్నది. ఒకప్పుడు ఆమె పద్దులు వ్రాస్తానని అడిగితే, దుకాణం ఆడపిల్లలు కూర్చునే చోటు కాదని జవాబు వచ్చిందట. దుకాణంలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న ఒక మనిషి కూడా ఉన్నాడు, దళిత కుటుంబం నుండి వచ్చినవాడు. ప్రతి మేస్త్రీ ఇల్లు అతనికి తెలుసు, ప్రతి బోల్టు కొలత అతనికి తెలుసు. కాని పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా అతనిచేత గల్లాపెట్టె తెరిపించలేదు, ఒక్క వస్తువు కొనుగోలు ధర చెప్పలేదు. ఆ దుకాణానికి పెట్టుబడి కొరత లేదు, గిరాకీ కొరత లేదు, శ్రమ కొరత అసలే లేదు. ఉన్న మనుషులను నమ్మి బాధ్యత అప్పగించకపోవడమే దాని కొరత.

ఇది ఒక్క ఇంటి కథ అయి ఉంటే ఈ సభలో ప్రస్తావించేవారము కాము. 2006లో సమర్పించిన సచార్ కమిటీ నివేదికను మనం రిజర్వేషన్ల సందర్భంలో, విద్య సందర్భంలో తరచు తలచుకుంటాము. అదే నివేదిక చెప్పిన మరొక విషయాన్ని అంతగా చర్చించుకోము. జీతపు ఉద్యోగాలలో మన పాలు తక్కువ, స్వయం ఉపాధి మీద బ్రతికేవారి పాలు ఇతర వర్గాల కంటే ఎక్కువ, బ్యాంకు రుణాలలో మన వాటా జనాభా నిష్పత్తికి తక్కువ అని ఆ నివేదిక తేల్చింది. అనగా మన కుటుంబాలలో ఎక్కువ వాటికి అన్నం పెట్టేది ఇటువంటి దుకాణాలే, మెకానిక్ షెడ్లే, కుట్టుమిషన్లే, పండ్ల బండ్లే. వాటికి వెనుక పింఛను లేదు, గ్రాట్యుయిటీ లేదు. అవి యజమాని ఆరోగ్యం మీద మాత్రమే ఆధారపడి నడిస్తే, సముదాయం మొత్తం అదే ఆధారం మీద నడుస్తున్నట్లు లెక్క.

కార్యాలయం నేర్పిన పాఠం

ప్రభుత్వ కార్యాలయాలను నిందించడం సులభం. జాప్యం మాకూ తెలుసు, అందులో మా పాలు కూడా ఉండి ఉండవచ్చు. అయినా ఒక్క విషయంలో కార్యాలయం దుకాణం కంటే మేలు. అధికారి బదిలీ అయినా, సెలవు పెట్టినా, మరణించినా మరునాడు ఉదయం కార్యాలయం తెరుచుకుంటుంది. ఇందుకు కారణం అక్కడివారు మనకంటే తెలివైనవారు కావడం కాదు. పని మనిషి తలలో కాక పుస్తకంలో ఉండడం.

పాత మద్రాసు రాష్ట్రపు రోజుల నుండి మన జిల్లా కార్యాలయాలలో టాటన్‌హామ్ పద్ధతి అనే విధానం ఉన్నది. ప్రతి గుమాస్తాకు పర్సనల్ రిజిస్టర్ అనే పుస్తకం ఉంటుంది. వచ్చిన ప్రతి కాగితం ఏ తేదీన అందినదీ, దానిమీద ఏమి చేసినదీ, ఎవరికి పంపినదీ అందులో వ్రాయాలి. పై అధికారి దానిని నియమిత కాలంలో తనిఖీ చేసి సంతకం పెడతాడు. ఆ సీటులో కొత్తవాడు వచ్చి కూర్చున్నా, పుస్తకం తెరిస్తే పని ఎక్కడ ఆగినదో తెలుస్తుంది. ఇక చార్జి అప్పగించేటప్పుడు నగదు ఎంత, తాళాలు ఎన్ని, రిజిస్టర్లు ఎన్ని అని వ్రాసి, ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ ఇద్దరూ సంతకాలు చేస్తారు.

రెండవ సంగతి, అధికారానికి మెట్లు ఉంటాయి. ఇంత మొత్తం వరకు ఈ స్థాయి అధికారి మంజూరు చేయవచ్చు, అంతకు మించితే పైకి పంపాలి అని ఉత్తర్వులో స్పష్టంగా ఉంటుంది. క్రిందివాడు ఆ పరిమితిలో ఎవరినీ అడగనక్కరలేదు. పరిమితి దాటితే సొంతంగా నిర్ణయించడానికి వీలులేదు. అధికారం అప్పగించడమంటే ఇదే. చేతులు దులుపుకొనడం కాదు, సర్వం ఒకరి మీద వదిలివేయడమూ కాదు. పని క్రిందికి వెళుతుంది, జవాబుదారీ పైనే ఉంటుంది.

ఈ పద్ధతి మనకు పరాయిది కూడా కాదు. హజ్రత్ ఖదీజా (ర) మక్కా నగరంలో పేరుపొందిన వర్తకురాలు. సరుకు వెంట తాను ప్రయాణించక, నమ్మకస్తులకు అప్పగించి, ప్రతిఫలం ముందుగానే నిర్ణయించి బిడారులు పంపేవారు. ప్రవక్తగా నియమితులు కాక పూర్వం ముహమ్మద్ (స) ఆమె సరుకు తీసుకొని సిరియా వెళ్లారు. మైసరా అనే సేవకుడు వెంట వెళ్లి, తిరిగి వచ్చి ప్రయాణ విశేషాలన్నీ ఆమెకు నివేదించాడని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. సరైన వ్యక్తి ఎంపిక, ముందుగా నిర్ణయించిన ప్రతిఫలం, తిరిగి వచ్చాక నివేదిక అనే మూడు అంశాలూ ఆ ఏర్పాటులో ఉన్నాయి. దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికంటే దీర్ఘమైన ఆయతు బఖరా సూరాలోని 282వది. అది అప్పు వ్యవహారాన్ని వ్రాసి పెట్టుకొనడం గురించినదే. ఆ ఆయతును చదివే మనమే లెక్కను జ్ఞాపకానికి వదిలివేస్తున్నాము.

అమల్నేరు నుండి నేర్వవలసినది

పెద్దగా ఆలోచించండి అని యువకులకు అందరూ చెబుతారు. పెద్దగా ఆలోచించడమంటే పెద్ద బోర్డు, పెద్ద అప్పు అని కొందరు పొరపడతారు. అందుకని మీకు తెలిసిన ఒక సంస్థ చరిత్రను ఈ కోణంలో చూద్దాము.

మహారాష్ట్రలోని జల్‌గావ్ జిల్లాలో అమల్నేరు అనే చిన్న పట్టణం ఉన్నది. 1945లో హాషిమ్ ప్రేమ్‌జీ అక్కడ వనస్పతి తయారుచేసే సంస్థను స్థాపించారు. 1966లో ఆయన అకస్మాత్తుగా మరణించగా, అమెరికాలో చదువుతున్న కుమారుడు అజీమ్ ప్రేమ్‌జీ 21 ఏళ్ల వయసులో చదువు ఆపి వచ్చి బాధ్యత తీసుకున్నారు. అనుభవం లేని కుర్రవాడు ఏమి నడుపుతాడు, వాటాలు అమ్ముకొని తప్పుకోవడం మేలు అని ఒక వాటాదారు సభలోనే అన్నట్లు ఆయన తరువాతి కాలంలో చెప్పుకున్నారు. ఆయన తప్పుకోలేదు. నూనె, సబ్బులతో మొదలైన సంస్థ, ఐబీఎం మన దేశం నుండి వైదొలగిన తరువాత ఏర్పడిన ఖాళీని చూచి కంప్యూటర్ల రంగంలో ప్రవేశించింది. అదే ఈనాటి విప్రో.

వనస్పతి తెలిసిన మనిషి కంప్యూటర్లు ఎట్లా నడిపాడు? తానొక్కడే నడపలేదు, అదే అసలు విషయం. ఆ పని తెలిసినవారిని వెతికి తెచ్చి వారికి అప్పగించారు. 1984 నుండి 1999 వరకు ఆ విభాగాన్ని అశోక్ సూతా నడిపారు. తరువాత వివేక్ పాల్, టి.కె. కురియన్, అబిదాలీ నీముచ్‌వాలా వంటివారు సారథులయ్యారు. 2020లో ఫ్రాన్స్ దేశస్థుడైన థియరీ డెలాపోర్ట్‌ను నియమించారు. వీరిలో హిందువులున్నారు, క్రైస్తవ నామధేయులున్నారు, ముస్లిం ఉన్నారు, విదేశీయుడున్నారు. ఒక్కరు కూడా ప్రేమ్‌జీ కుటుంబీకులు కారు. 2019లో అజీమ్ ప్రేమ్‌జీ విరమించినప్పుడు కుమారుడు రిషద్ చైర్మన్ అయిన మాట నిజమే. కాని దైనందిన నిర్వహణ వేరు, యాజమాన్యం వేరు అనే గీత అప్పటికే బలంగా గీయబడి ఉన్నది. తన వాటాలలో అత్యధిక భాగం ఫలితాన్ని ఆయన విద్యాసేవ నిమిత్తం దాతృత్వ సంస్థకు అప్పగించారు. అమల్నేరులో చిన్న మొత్తాలతో వాటాలు కొన్న సామాన్య కుటుంబాలు సంపన్నులైన సంగతి దేశమంతా ఎరిగినదే.

రెండవ ఉదాహరణ సిప్లా. 1935లో ఖ్వాజా అబ్దుల్ హమీద్ బొంబాయిలో ఈ ఔషధ సంస్థను స్థాపించారు. ఆయన కుమారుడు యూసుఫ్ హమీద్ కాలంలో, 2001లో, ప్రపంచాన్ని ఆశ్చర్యపరచిన నిర్ణయం వెలువడింది. ఎయిడ్స్ రోగికి అవసరమైన మూడు మందుల చికిత్సకు అప్పట్లో బహుళజాతి సంస్థలు ఏడాదికి 10 వేల డాలర్లకు పైగా తీసుకునేవి. ఆఫ్రికాలోని పేదలకు అది అందని ఫలం. సిప్లా ఆ చికిత్సను సరిహద్దులు లేని వైద్యుల సంస్థకు ఏడాదికి 350 డాలర్లకు, అనగా రోజుకు ఒక డాలరు కంటే తక్కువకు ఇస్తామని ప్రకటించింది. ఈ మందు నా దగ్గర ఎవరు కొంటారు అని కాక, కొనలేక చనిపోతున్నవారు ఎవరు అని ప్రశ్నించడం నుండి ఆ మార్గం తెరుచుకున్నది. పెద్ద ఆలోచన అంటే ఇదని మా అభిప్రాయం. ఇంతవరకు వ్యాపారం లెక్కలోకి తీసుకోని మనిషిని లెక్కలోకి తీసుకొనడం.

ఈ పోలికకు హద్దు ఉన్నదని మేము ఒప్పుకుంటాము. అజీమ్ ప్రేమ్‌జీకి తండ్రి విడిచిన కర్మాగారం ఉన్నది, యూసుఫ్ హమీద్‌కు కేంబ్రిడ్జి చదువు ఉన్నది. మన బజారులో బండి నెట్టే సోదరునికి ఆ రెండూ లేవు. అయితే పరిమాణం వేరైనా ప్రశ్న అదే. దర్జీ సోదరుడు స్థూలకాయులైన స్త్రీలకు సరిపడే దుస్తులు బజారులో దొరకవని గమనిస్తే అది పెద్ద ఆలోచనే. చక్రాల కుర్చీలో వచ్చే మనిషి లోపలికి రావడానికి దుకాణం మెట్ల పక్కన ఒక వాలుబల్ల వేస్తే అదీ పెద్ద ఆలోచనే.

మన గడప లోపలి సమానత్వం

ఈ పత్రిక, ఈ వేదిక హక్కుల కొరకు ఏర్పడినవి. అద్దెకు ఇల్లు అడిగితే పేరు చూచి లేదనే యజమానుల గురించి మనం మాట్లాడుతాము. మాట్లాడవలసినదే. 2022లో కర్ణాటకలో కొన్ని దేవాలయ జాతరలలో ముస్లిం వర్తకులకు దుకాణాలు ఇవ్వరాదని ఒత్తిడి తెచ్చిన సంగతి మీరు మరువలేదు. తరతరాలుగా ఆ జాతరలలో గాజులు, బొమ్మలు, మిఠాయిలు అమ్ముకున్న కుటుంబాలు ఒక్కసారిగా పరాయివారైపోయినవి. దానిని రాజ్యాంగబద్ధంగా ఎదుర్కొనవలసినదే.

కాని అదే నోటితో మనల్ని మనం కొన్ని ప్రశ్నలు అడగాలి. మన దుకాణంలో పనివాని కొరకు వెతికేటప్పుడు మనం మొదట ఏమి అడుగుతున్నాము, పని వచ్చునా అనా, మనవాడేనా అనా? మనవాడు అన్నప్పుడు దూదేకుల సోదరుడు, ఫకీరు కుటుంబపు యువకుడు ఆ మాటలో ఇముడుతున్నారా? ఇస్లాంలో కులం లేదని సభలో చెప్పి, సంబంధం దగ్గరా నౌకరీ దగ్గరా వంశం అడిగే అలవాటు మనలో పూర్తిగా పోయినదా? చదువుకున్న కుమార్తెకు వివాహ సమయంలో నగలు ఇస్తాము గాని, వ్యాపారంలో ఒక పద్దు పుస్తకం ఎందుకు ఇవ్వము?

అన్ని వర్గాలవారిని కలుపుకొనిపోవడం వ్యాపార లాభానికి పనికివస్తుందని కొందరు చెబుతారు. పనికివస్తుంది కూడా. పది ఇళ్ల భాషలు, పండుగలు, అవసరాలు తెలిసిన పనివారు ఉంటే పది ఇళ్ల గిరాకీ వస్తుంది. కాని మేము దానిని లాభం కొరకు చెప్పడం లేదు. పరాయివానిని రక్షణ కవచంగా పెట్టుకోమని అంతకంటే చెప్పడం లేదు. ఇతరుల నుండి మనం కోరే న్యాయాన్ని మన అధికారం నడిచే చోట మనం ఇవ్వాలి. మనలో చాలామందికి అధికారం నడిచే చోటు ఆ పదడుగుల దుకాణమొక్కటే. అక్కడ ఇవ్వనివానికి మరోచోట అడిగే గొంతు బలహీనపడుతుంది.

కలుపుకొనడమంటే పనిలో చేర్చుకొనడం మాత్రమే అని భావించరాదు. సకాలంలో జీతం, వారపు సెలవు, పనివారి ప్రార్థనకూ పండుగకూ వీలు, స్త్రీలకు మరుగుదొడ్డి, సాయంత్రం భద్రంగా ఇల్లు చేరే ఏర్పాటు ఇవన్నీ అందులో భాగం. 10 మంది లేక అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండవలెనని 2013 చట్టం చెబుతున్నది. పనివారు 20 మందికి చేరితే భవిష్యనిధి వర్తిస్తుంది. ఈ చట్టాలను భయంతో చూడవద్దు. వ్యాపారం పెద్దదైనదని ప్రభుత్వం ఇచ్చే ధ్రువపత్రాలుగా చూడండి.

అప్పగించే పద్ధతి

నమ్మి మోసపోయిన అనుభవాలు ఉన్నాయి, ఇక ఎవరిని నమ్మాలి అని మీరు అడుగుతారు. మా జవాబు ఇది. మోసాన్ని ఆపేది జేబులోని తాళంచెవి కాదు, బల్లమీది పుస్తకం. అన్నీ తానే చూచుకునే దుకాణంలో జరిగిన దొంగతనం చాలాసార్లు యజమానికే తెలియదు, ఎందుకంటే పోల్చి చూడడానికి లెక్క ఉండదు. కనుక క్రమంగా ఈ విధంగా చేయవచ్చును.

మొదట, మీరు ఒక్కరే చేస్తున్న పనులన్నీ ఒక కాగితం మీద వ్రాయండి. కొనుగోలు, అరువు, వసూలు, బ్యాంకు, జీఎస్టీ, సరుకు నిల్వ, మరమ్మతు, ఏదీ విడువవద్దు. వాటిలో మీరు లేకపోతే ఆగిపోయేవి ఏవో గుర్తు పెట్టండి.

రెండవది, ఆ పనులలో ఒకదానిని ఒకరికి అప్పగించండి. పరిమితి వ్రాసి ఇవ్వండి. ఇంత వరకు తగ్గింపు ఇవ్వవచ్చు, ఇంత వరకు అరువు ఇవ్వవచ్చు, అంతకు మించితే నన్ను అడగాలి అని. పరిమితి లోపల వారు చేసిన నిర్ణయాన్ని గిరాకీదారు ఎదుట రద్దు చేయవద్దు. ఒక్కసారి అట్లా చేస్తే వారికి అప్పగించినది అధికారం కాదు, అవమానం అవుతుంది.

మూడవది, రోజూ రాత్రి నగదు పుస్తకం ముగించి ఇద్దరు సంతకం చేయాలి. వారానికొకసారి సరుకు లెక్క చూడాలి. తనిఖీని అనుమానంగా ఎవరూ భావించకుండా మొదటి తనిఖీ మీ సొంత పద్దుల మీదనే జరిపించండి.

నాల్గవది, చట్టపు కాగితం. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరుగా వ్రాసుకొననప్పుడు, భాగస్వామి మరణంతో భాగస్వామ్యం రద్దవుతుంది. అన్నదమ్ములు నోటిమాటతో నడిపే సంస్థలు ఎన్ని ఇళ్లలో వైరానికి దారితీశాయో మీకు తెలుసు. ఒప్పందం వ్రాయించండి, అందులో కుమార్తెల పేర్లూ ఉండనివ్వండి. ఒంటరి యజమానులు బ్యాంకు ఖాతాకు నామినీని పెట్టి, తాము రాలేనప్పుడు ఖాతా నడిపే మాండేట్ పత్రం కూడా ఇవ్వండి. ఉద్యమ్ నమోదు లేనివారు చేయించుకోండి. 2015లో మొదలైన ముద్రా పథకం క్రింద 10 లక్షల రూపాయల వరకు పూచీకత్తు లేని రుణాలు ఉన్నాయి. వాటిని సక్రమంగా తీర్చినవారికి ఆ పరిమితి 20 లక్షలకు పెరిగింది. బ్యాంకు మేనేజరు అడిగేది మీ మాట కాదు, మీ పుస్తకం. పుస్తకం ఉన్నవాడు తిరస్కారాన్ని ప్రశ్నించగలడు కూడా.

అయిదవది, పరీక్ష. వారంలో ఒక రోజు దుకాణానికి వెళ్లకండి. ఫోను కూడా చేయకండి. మరునాడు వెళ్లి ఎక్కడ ఆగినదో చూడండి. ఆగినచోటు పనివాని లోపం కాకపోవచ్చు, మీరు చెప్పని విషయం కావచ్చు.

మా తప్పు

ఇన్ని మాటలు చెప్పే మేము వీటిని పాటించామా అని మీరు అడగకముందే మేము చెప్పుకోవాలి. మా బస్తీలో విద్యార్థుల స్కాలర్‌షిప్ దరఖాస్తుల పని మేము చూస్తుంటాము. కొన్నేళ్ల క్రితం వరకు ఆదాయ ధ్రువపత్రాలు, పాసుపుస్తకాల నకళ్లు, విద్యార్థుల పట్టిక అన్నీ మా ఇంటి అల్మారాలోనే ఉండేవి. సహాయం చేస్తామని యువకులు వస్తే, పొరపాట్లు చేస్తారని వారిని కాపీలు తీసుకురావడానికి మాత్రమే పంపేవారము. ఒక ఏడాది మేము ఉమ్రాకు వెళ్లాము. మా లెక్క ప్రకారం గడువుకు ఇంకా వ్యవధి ఉన్నది. ఆ లెక్క తప్పు. గడువు మేము అక్కడ ఉన్నప్పుడే ముగిసింది. అల్మారా తాళంచెవి మా సంచిలోనే మక్కాకు వచ్చింది.

తిరిగి వచ్చేసరికి కొందరు పిల్లలకు ఆ ఏడాది సహాయం పోయినది. వారిలో ఒక అమ్మాయి తండ్రి ఆటో నడుపుతాడు. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. పోనీయండి సాబ్, మీరు ఉండి ఉంటే జరిగేది కాదు అన్నాడు. ఆయన ఓదార్పుగా అన్న ఆ మాటే మాకు నేరారోపణగా వినిపించింది. మేము ఉంటేనే జరిగే పనిని మేము సేవ అనుకున్నాము. ముప్పయ్యేళ్లు పర్సనల్ రిజిస్టర్ వ్రాసినవాళ్లము, మా సొంత అల్మారాకు వచ్చేసరికి ఆ ఇనుప దుకాణం పెద్దాయనకు ఏ మాత్రం భిన్నంగా లేము. ఇప్పుడు ఆ పనిని ముగ్గురు యువతీ యువకులు చూస్తున్నారు. తాళాలు రెండు ఉన్నాయి, రెండూ మా దగ్గర లేవు. వారు పొరపాట్లు చేశారు, దిద్దుకున్నారు. మా కాలంలో కంటే ఎక్కువ దరఖాస్తులు వెళుతున్నాయి.

మొదట చెప్పిన దుకాణం సంగతి కూడా చెప్పి ముగిస్తాము. నాలుగు నెలల తరువాత పెద్దాయన భార్యే ఒక ఉదయం గల్లాపెట్టె తాళంచెవి తీసి కుమార్తె చేతిలో పెట్టారు. షట్టరు తాళంచెవి ఆ పద్దెనిమిదేళ్ల పనివానికి ఇచ్చారు. అతను అమ్మాయిని వెంటబెట్టుకొని మేస్త్రీల ఇళ్లకు వెళ్లి, ఎవరు ఏ సరుకు తీసుకెళ్లినదీ తనకు గుర్తున్నంత మేరకు చెప్పి, వారినే ఒప్పించి బాకీలు వ్రాయించాడు. పోయిన డబ్బు అంతా రాలేదు. టోకు వర్తకుల అప్పు తీరడానికి చాలా కాలం పట్టింది. తాకట్టు నగలు కొన్ని ఇంకా విడిపించవలసే ఉన్నవి. అయినా దుకాణం నడుస్తున్నది. లాభంలో పనివానికి వాటా వ్రాసి ఇచ్చారు. పెద్దాయన సాయంత్రాలు వచ్చి బయట కుర్చీలో కూర్చుంటారు. ఆయనకు మాట ఇంకా పూర్తిగా రాలేదు. కాని ఆయన లేకపోయినా బేరం ఆగడం లేదు.

సోదర సోదరీమణులారా, ఆ ఇంటికి ఆ తెలివి ఒక విపత్తు తరువాత వచ్చింది. మీకు ఆరోగ్యం ఉండగానే రావాలని మా ప్రార్థన. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక ఒక కాగితం తీసుకొని మీరొక్కరే చేస్తున్న పనుల పట్టిక వ్రాయండి. రేపు ఉదయం వాటిలో ఒక్కటి, పరిమితి వ్రాసి, అర్హులైన ఒకరికి అప్పగించండి. ఆ ఒకరు మీ కుమార్తె కావచ్చు, మీ దగ్గర ఏళ్ల తరబడి పనిచేస్తున్న పొరుగు మతస్థుడు కావచ్చు. అర్హత ఒక్కటే చూడండి.

 అల్లాహ్ మీ సంపాదనలో బర్కతు ప్రసాదించుగాక. వస్సలామ్.